మొదటి పేజీ ఎవరూ చదవలేదు

అనకాపల్లి,
29 జూన్ 2025.

ఏసీ గదిలో శాలువా కప్పుకుని పనిచేసే మేనకోడలు హాసినికి, సోడా కొట్లో చెమటలు కక్కుతున్న నానాజీ మామయ్య దీవెనలు.

ఇకమీదట ఫోనులో నా మాట నమ్మనన్నావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. నీ కోపంలో న్యాయం ఉందిలే. మీ ఆఫీసు పెద్ద రాజశ్రీ మేడమ్ గొంతుతో ఫోను చేసి, రేపు ఆడపిల్లలందరూ పరికిణీలు కట్టుకుని ఆఫీసుకి రావాలని చెప్పింది నేనే. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడి మాట విని, అంత చదువు చదివినదానివి నిజంగానే కట్టుకుని వెళ్లిపోతావని నేను కలగన్నానా? ఫొటో చూసి మీ అమ్మ మాత్రం తెగ మురిసిపోయింది. ఆ పుణ్యం నా ఖాతాలో వేసుకున్నాను.

నువ్వు పంపిన ట్యాబులు అందాయి. మా కొట్టు మీద మేడలో ఉన్న చదువుల గది నీకు తెలుసుగా. పోయినేడు వానకి కప్పు కారి బీరువాల్లో పుస్తకాలన్నీ వడియాల్లా ఉబ్బిపోయాయి. అప్పట్నుంచి అక్కడ పేపరు తప్ప చదవడానికి ఏమీ లేదు. ఇప్పుడు బల్ల మీద ఐదు ట్యాబులు. ఎవరైనా ఎత్తుకుపోతారని గదికి పెద్ద అయిన త్రినాధరావు గారు వాటిని బల్లకి పొట్టి గొలుసులతో కట్టించారు. చూడ్డానికి రిమాండు ఖైదీల్లా ఉన్నాయి.

మీ కనకమహాలక్ష్మి అత్త పాత జాకెట్టు గుడ్డలతో వాటికి గలీబులు కుట్టింది. వెనకవైపు పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది.

"గాజుపలకకి బొట్టేటే?" అన్నాను.

"పుస్తకాలన్నీ ఇందులోనే ఉన్నాయని మీరే సెప్పేరు గదండీ. మరెట్టొద్దా?" అంది.

రోజూ వచ్చేవాళ్లు ముగ్గురు. మీ అత్త ఒకతె. లారీ దిగిపోయి ఇంట్లో అందరికీ అడ్డంగా తయారైన పరదేశి బావ ఒకడు. కుట్టు మిషను కొడుక్కి అప్పజెప్పిన టైలరు జియావుద్దీన్ భాయ్ ఒకడు. యాప్ తెరవగానే పైన కనబడ్డ నవలే ముగ్గురూ మొదలెట్టారు. జాలరి అన్నదమ్ముల కథ. అన్న తమ్ముణ్ణి సముద్రం మీదికి పోనివ్వడు. వల దాచేస్తాడు, చెయ్యి చేసుకుంటాడు. మీ అత్త అప్పుడే ఆ అన్నకి శాపనార్థాలు మొదలెట్టింది. నన్ను తిట్టడం ఆ మేరకి తగ్గింది. నీ పని సుఖంగా సాగుతోందని దీన్నిబట్టి తెలుసుకో.

పరీక్షలు తప్పినవాణ్ణే పరీక్షకి కాపలా పెట్టావు. అలాంటి నీ
మామయ్య.


బెంగళూరు,
7 జూలై 2025.

ఆఫీసులో ఇప్పటికీ 'పరికిణీ' అన్న పేరుతో తిరుగుతున్న హాసిని, నానాజీ మామయ్యకి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

నా పనేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. పుస్తకం తెర మీదికి వచ్చినప్పుడు చదివేవాళ్ల చెయ్యి ఎటు పోతుందో, కన్ను ఎక్కడ అలుస్తుందో చూసుకుని పేజీ కట్టడం నా పని. ఇంగ్లీషుకి చేసిన పేజీలో తెలుగు పోసేస్తే చాలని ఇక్కడ అందరి నమ్మకం. అలా పోస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడుల నెత్తిన కూర్చుంటాయి. రెండేళ్లుగా ఆ ఎడం కోసమే పోట్లాడుతున్నాను. పెద్దవాళ్లకి చిన్న బొత్తాలు దొరకవని, పేజీ మీద ఎక్కడ వేలు తగిలినా తర్వాతి పేజీ వచ్చేలా పెట్టాను. గజిబిజిగా ఉంటుందని పేజీ నంబర్లు తీసేసి అడుగున సన్నగీత ఉంచాను. ట్యాబులో పడే ప్రతి తాకిడీ ఇక్కడికి లెక్కగా వస్తుంది. మనిషి పేరు రాదు, ట్యాబు నంబరే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టు నెలాఖరుకి ఆ లెక్క చూస్తారు. మనవాళ్లు నిలకడగా చదువుతున్నారని తేలితే మా యాప్‌లో తెలుగు గ్రంథాలయం ఉంటుంది. లేకపోతే మూసేసి నన్ను అప్పులిచ్చే యాప్‌కి మారుస్తారు. అక్కడ నా పని, 'అప్పు తీసుకోండి' అన్న బొత్తం ఏ రంగులో ఉంటే జనం ఎక్కువ నొక్కుతారో కనిపెట్టడం. మామయ్యా, నాకు ఆ పని వద్దు. ఈ పనే కావాలి.

అందుకని రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను. ఆగస్టుదాకా కోతి వేషాలు వేయకు. ఆ తర్వాత నా గొంతుతో ఎవరికి ఫోను చేసుకుంటావో నీ ఇష్టం.

అత్తని అడిగానని చెప్పు. ఆ అన్నని మరీ అంత తిట్టొద్దని కూడా చెప్పు.

భయంతో కూడిన ప్రేమతో,
హాసిని.


అనకాపల్లి,
16 జూలై 2025.

ఒత్తులకీ గుడులకీ మధ్య రాజీ కుదిర్చే హాసినమ్మకి, మామయ్య ముద్దులు.

నువ్వు చెప్పింది అక్షరాలా పాటించాను. ఒక్క అక్షరాల విషయంలోనే పాటించలేదు. పరదేశి బావ ట్యాబులో అక్షరాలు బాగా పెంచేశాను, పేజీకి రెండు మాటలు పట్టేలా. పొద్దుట్నుంచి తిప్పి తిప్పి, సాయంత్రానికి చొక్కా గుండీలు విప్పుకుని కూర్చున్నాడు.

"బావా, ఇయ్యాల సగం పుస్తకం లాగించేసేను," అన్నాడు.

పాపం ఆ రోజంతా కలిపి అతను చదివింది తమ్ముడు గంజి తాగడం ఒక్కటే. మర్నాడు మళ్లీ తగ్గించేశాను. ఇది నీ దగ్గర లెక్కలో పడి ఉంటే కొట్టేయి.

ఇంకో సంగతి. చదువుల గదిలో యుద్ధం జరుగుతోంది.

"ఆడసలు మనిసేనా? తోడబుట్టినోడి మీద సెయ్యెత్తుతాడా," అంది మీ అత్త.

"అమ్మకి మాటిచ్చేడు కదమ్మా, తమ్ముణ్ణి నీళ్ల మీదికి పంపనని," అన్నాడు జియావుద్దీన్ భాయ్. "తండ్రి పడవ తిరగబడి పోయేడు. ఆ తల్లి పోతాపోతా ఒట్టేయించుకుంది. ఈడేం సేత్తాడు మరి?"

"ఏ తల్లి? ఎక్కడి ఒట్టు? మీరు సదివేది ఏ పుస్తకమండీ?"

"మీరు సదివేదే."

పరదేశి బావకి తల్లీ తెలీదు, ఒట్టూ తెలీదు. అతని బాధ వేరు. "ఈ రాసినోడు గేరు మార్చకుండా మలుపు తిప్పేత్తన్నాడు బావా. నిన్న మూసినప్పుడు అన్న ఒడ్డు మీదున్నాడా, ఇయ్యాల తీసేసరికి టేసన్లో ఉన్నాడు. మజ్జిలో ఏటయ్యింది?"

భాయ్ ట్యాబులో నేనే వేరే నవల పెట్టానని ముగ్గురూ తేల్చేశారు. అప్పట్నుంచి మీ అత్త నాకు టీలో పంచదార వేయడం లేదు. ఈ ఒక్కసారి నేనేమీ చేయలేదు తల్లీ. చేసి ఉంటే ఆ చప్పటి టీ అయినా న్యాయంగా తాగుదును.

నిరపరాధి,
నానాజీ మామయ్య.


బెంగళూరు,
24 జూలై 2025.

మామయ్యకి.

ఈసారి నవ్వలేదు.

లెక్క చూశాను. పరదేశి గారి అక్షరాల గోల కొట్టేశాను, అది వేరు. కానీ ఐదింటిలో నాలుగు ట్యాబుల్లో ఒకటే వింత. నవల తెరుస్తారు, మొదటి పేజీ రాగానే తిప్పేస్తారు. రెప్పపాటు కూడా ఉండనివ్వరు. మొదటి పేజీయే కాదు, ఏ రోజు కూర్చున్నా ఎదురైన పేజీని అలాగే తోసేసి, ఆ తర్వాతి పేజీనుంచి బుద్ధిగా చదువుతారు. నాలుగో నంబరు ట్యాబులో మాత్రమే మొదటి పేజీ చదివినట్టుంది.

రాజశ్రీ మేడమ్ ఆ లెక్కని గీతలుగా తెర మీద వేసి, "హాసినీ, నీ పేజీని చూసి జనం పారిపోతున్నారు," అన్నారు. పదిమంది ముందు. అక్షరం మార్చాను, అంచులు పెంచాను, మొదటి పేజీలో పడవ బొమ్మ పెట్టాను. కొత్తగా నవల తెరిచినవాళ్లు ఆ బొమ్మని కూడా రెప్పపాటులో తోసేశారు.

మనుషులు ఊరికే ఇంత కచ్చితంగా ఒకే తప్పు చేయరు. ఎవరో నేర్పించి ఉండాలి. అనకాపల్లిలో అంత ఓపిగ్గా అంతమందికి తప్పు నేర్పే మనిషి ఎవరో నాకు ఒక్కడే తెలుసు.

నీకు ఇది ఆట. నాకు రెండేళ్ల బతుకు. నువ్వు కాదంటావా, అయితే ఒక పూట మేడ మీద కూర్చుని, ఒక్కొక్కళ్లు వచ్చి కూర్చున్న దగ్గర్నుంచి ఏంచేస్తారో చూసింది చూసినట్టు రాయి. నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

హాసిని.


అనకాపల్లి,
2 ఆగస్టు 2025.

హాసినికి.

దీవెనలు పెట్టాను, ఏరుకుంటే ఏరుకో, లేకపోతే లేదు.

నేను నవ్వించడానికి వేషాలు వేస్తాను. నవ్వని ముండాకొడుకుల్ని ఏడిపించడానికీ వేస్తాను. అంతేగానీ అక్క కూతురి కూట్లో మట్టి కొడతానా? నువ్వు పుట్టినప్పుడు నీకు చక్కిలిగింతలు పెట్టి మొదటిసారి నవ్వించింది నేనని మీ అమ్మే చెప్పుకుంటుంది. ఇప్పుడు నీ కళ్లకి నేను పగవాడిలా కనిపించానా? సరే. కొట్టుకి తాళం వేసి పొద్దుటి పూటంతా మేడ మీద కూర్చున్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను. వ్యాఖ్యానం వద్దన్నావు కాబట్టి నాలిక కొరుక్కుంటూ రాస్తున్నాను.

మీ అత్త మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీర్చుకుంది. నన్ను చూసి "కొట్టొగ్గీసి ఇక్కడేటి?" అంది. గలీబు తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది. నవల తట్టి తెరిచింది. గొలుసుంది కాబట్టి ఎత్తడానికి రాదు, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పేజీకి వేళ్లు ఆనించి కళ్లకద్దుకుంది. కళ్లజోడు దించుకుంది. చదువుకుంది. మధ్యలో అన్నని రెండు తిట్లు తిట్టింది.

పరదేశి బావ వచ్చాడు. తువ్వాలుతో కుర్చీ దులిపాడు, ఆ దుమ్ము నా మీద పడింది. అతనూ తెరిచాడు, బండి తీసేముందు స్టీరింగుని తాకి మొక్కినట్టే పేజీని తాకి మొక్కాడు, చదివాడు. పెదాలు కదుపుతూ చదువుతాడు, బీడీ లేని లోటు తీర్చుకుంటున్నట్టు.

జియావుద్దీన్ భాయ్ వచ్చాడు. నాలుగో నంబరు ఆయనదే, కిటికీ పక్కది, వేరేది ముట్టడు. తెరిచాడు, చేతులు ఒళ్లో పెట్టుకుని లోపల్లోపల బిస్మిల్లా అనుకున్నాడు, మొదలెట్టాడు. తర్వాత కాలేజీ పిల్ల సుప్రియ వచ్చింది, ఆ అమ్మాయీ మీ అత్త చేసినట్టే చేసి చదువుకుంది.

ఎవరూ ఎవరికీ ఏదీ నేర్పలేదు. పారిపోయినవాళ్లు కూడా లేరు. పన్నెండైనా లేవకపోతే నేనే అన్నానికి లేపాను.

ఇంతే. నమ్మితే నమ్ము.

నానాజీ.


బెంగళూరు,
10 ఆగస్టు 2025.

మా బంగారు మామయ్యకి, లెంపలేసుకుంటూ హాసిని.

నీ ఉత్తరం ఆఫీసు క్యాంటీన్లో చదివాను. అత్త గురించి రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. మళ్లీ చదివాను. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. టీ ఇచ్చే అతను భయపడి బిస్కెట్లు తెచ్చిపెట్టాడు.

వేళ్లు ఆనించి కళ్లకద్దుకుంది అని రాశావు చూడు, అదే మామయ్యా. పేజీ మీద ఎక్కడ వేలు తగిలినా తిరిగేలా పెట్టింది నేను. ఆ వేళ్లు తగలగానే పేజీ తిరిగిపోతోంది. ఆ క్షణంలో అత్త కళ్లు మూసుకుని ఉంటుంది. తెరిచేసరికి రెండో పేజీ. నంబరు లేదు కాబట్టి అదే మొదటిదనుకుంటుంది. రోజుకో పేజీ అలాగే పోతోంది, పరదేశి గారికి తగులుతున్న గతుకులు అవే. భాయ్ చెయ్యి పెట్టడు, కాబట్టి తల్లి ఒట్టు ఆయనకొక్కడికే తెలుసు. ఆ ఒట్టు మొదటి పేజీలోనే ఉంది. వాళ్లలో ఎవరూ అబద్ధమాడలేదు. నువ్వు కూడా.

కాలికి పుస్తకం తగిలితే నేనూ కళ్లకద్దుకుంటాను. అయినా నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదో తెలుసా? తెరకి ఎవరూ మొక్కరు. అత్త రోజంతా ఫోను పట్టుకునే ఉంటుంది కదా, దాన్ని ఏనాడైనా కళ్లకద్దుకుందా?

నిన్ను అనుమానించాను. తిట్టు, వింటాను. కానీ ముందు అత్త వెనక నిలబడి, నేను చెప్పింది నిజమో కాదో చూసి రాయి.

నీ
హాసిని.


అనకాపల్లి,
17 ఆగస్టు 2025.

క్యాంటీనులో బిస్కెట్లు సంపాదించిన మేనకోడలికి, కోపం నటించడం చేతకాని మామయ్య.

చూశాను. మీ అత్త కళ్లు మూసుకుంది, పేజీ జారుకుంది, కళ్లు తెరిచింది, చదివేసుకుంది. గదిలో దొంగ పడినా కాస్త చప్పుడవుతుంది. దీనికి అదీ లేదు. ఇన్నేళ్లుగా మనుషుల్ని బురిడీ కొట్టిస్తున్నాను గానీ, ఇంత శుభ్రమైన పని నావల్ల కాలేదు.

ఉండబట్టలేక త్రినాధరావు గారికి చెప్పాను. ఆయన వెంటనే, "ఓస్, దీనికింత గొడవేటి? తెరని ముట్టి మొక్కరాదు అని బోర్డెట్టీండి," అన్నారు. అట్టముక్క, స్కెచ్ పెన్ను తెచ్చి నా చేతికిచ్చారు.

ఆలోచించు హాసినీ. బోర్డు పెడితే రేపట్నుంచే లెక్క సర్దుకుంటుంది. ఆగస్టు ఇంకా కొంచెం ఉంది. నీ పని నీకు దక్కుతుంది. నాకైతే ఆ అక్షరాలు రాయడానికి చెయ్యి రావడం లేదు. బోర్డు పెట్టాక మీ అత్త 'ఏం, ఇది పుస్తకం కాదా?' అని అడిగితే ఏం చెప్పాలి? కానీ పోయేది నీ ఉద్యోగం, నా పంతం కాదు. పెట్టమంటే పెడతాను. ఈ ఒక్కదానికి ఫోను చేసి చెప్పు, నీ గొంతు నేను నమ్ముతాను.

మామయ్య.


బెంగళూరు,
30 ఆగస్టు 2025.

బోర్డు రాయని మామయ్యకి, ఫోనులో 'వద్దు' అన్న ఒక్క మాటే చెప్పి పెట్టేసిన హాసిని.

ఎక్కువ మాట్లాడితే ధైర్యం జారిపోతుందని పెట్టేశాను. నిన్న మీటింగయింది. పాడు లెక్కతోనే వెళ్లాను. నీ ఉత్తరం చదివి వినిపించాను, ముండాకొడుకులు ఉన్న వాక్యం దాటేశాను.

"వాళ్లకి ముట్టుకోవద్దని ఒక్క మాట చెప్తే సరిపోయేదానికి యాప్ మార్చడమెందుకు?" అన్నాడు ఒకతను.

"ఏమని చెప్పమంటారు? ఇది పుస్తకం కాదు, మొక్కకండి అనా?" అన్నాను. "తెర అన్న సంగతి మరిచిపోయి పుస్తకంలా చదువుకోవాలనే కదా రెండేళ్లుగా కూర్చున్నాం. వాళ్లు మరిచిపోయారు. మన యాప్‌కే ఇంకా తెలియలేదు."

రాజశ్రీ మేడమ్ కుర్చీ వెనక్కి జరిపారు. కింద పెట్టిన నా సంచికి ఆవిడ కాలు తగిలింది. ఏదో ఆలోచిస్తూనే వంగి, వేళ్లు ఆనించి కళ్లకద్దుకున్నారు. అందులో ల్యాప్‌టాప్, ఒక ఆపిల్ పండు తప్ప ఏమీ లేవు. తలెత్తేసరికి గదంతా ఆవిడనే చూస్తోంది. ముందు నవ్వింది ఆవిడే.

తెలుగు గ్రంథాలయం ఉంటుంది మామయ్యా. ఇంకో నాలుగు ఊళ్లలో పెట్టి వచ్చే వేసవిదాకా చూస్తారు. అప్పుల యాప్‌కి నేను వెళ్లక్కర్లేదు.

కొత్త మార్పు మీ ట్యాబుల్లోకి ఈ వారమే వస్తుంది. పుస్తకం తెరిచిన వెంటనే పడే మొదటి తాకిడికి పేజీ కదలదు. కాస్త చదివాక తాకితేనే తిరుగుతుంది. భాయ్‌కీ ఇబ్బంది ఉండదు. ఎవరికీ ఏమీ చెప్పకు. అత్తకి కూడా. నవల మొదట్నుంచి తెరవమని మాత్రం ఏదో వంక చెప్పి ఒప్పించు. అలాంటివి నీకు నేర్పక్కర్లేదు.

సంతోషంతో చేతిరాత వంకరపోయిన
హాసిని.


అనకాపల్లి,
8 సెప్టెంబరు 2025.

నాలుగు ఊళ్ల పేజీలు ఏలబోతున్న హాసినమ్మకి, మామయ్య రాసే విజయవార్త.

వంకేం చెప్పానంటే, భాయ్ చెప్పే తల్లి ఒట్టు అబద్ధమని తేలిస్తే నేను నెలరోజులు ఇంట్లో అంట్లు తోముతానన్నాను. మీ అత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నాకంటే ముందు మెట్లెక్కింది. భాయ్ వచ్చాడు, పరదేశి బావ వచ్చాడు, న్యాయం జరుగుతుంటే చూడాలని త్రినాధరావు గారు కూడా వచ్చారు.

నవల మొదటికి తెచ్చింది. కళ్లజోడు పైకి నెట్టింది, వేళ్లు ఆనించింది, కళ్లకద్దుకుంది. నేను పేజీనే చూస్తున్నాను. కదల్లేదు. కన్నతల్లి పిలుపుకి ఆగిన పిల్లలా అక్కడే ఉంది.

చదవడం మొదలెట్టింది. నెమ్మదిగా చదివింది. పేజీ చివరికి వచ్చి, తిప్పకుండా మళ్లీ మొదట్నుంచి చదివింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. నేను ఒక్క వెక్కిరింపు కూడా విసరలేదు, కావాలంటే భాయ్‌ని అడుగు.

"భాయ్," అంది చివరికి. "ఆ అమ్మకి ఒట్టేసేడండీ ఈడు. నానిన్నాళ్లూ ఎన్ని మాటలన్నానో."

"పర్లేదమ్మా. ఆడికి వినపళ్లేదులే," అన్నాడు భాయ్.

"తిండి దగ్గర కూడా తిట్టేను."

"పుస్తకంలో ఉన్నోడికి అలాటివన్నీ అలవాటేనమ్మా."

పరదేశి బావ అప్పటికే తన ట్యాబు తెరిచి, మొక్కి, పెదాలు కదుపుతున్నాడు. "ఓరి, మొదట్లోనే ఇంత కథుందేట్రా," అని ఒకసారి, "మరి నాకెవుడూ సెప్పడేటి," అని ఒకసారి అన్నాడు. నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి ఎందుకు కనబడలేదో నేను చెప్పలేదు. కంపెనీవాళ్లు మరిచిపోయిన పేజీ ఇప్పుడు పంపారనుకుంటున్నారు. అనుకోనీ.

అంట్ల పందెం నేను గెలిచాను. మీ అత్త మాత్రం అదేమీ గుర్తులేనట్టు మూడు రోజుల్నుంచి నవల మొదట్నుంచి చదువుతోంది. ఇంట్లో పొయ్యి మీద పప్పు మాడినా, కింద నేను అరిచినా మేడ దిగదు. నిన్న టీ ఇద్దామని నేనే పైకెళ్లాను. చదువుతూ చదువుతూ బల్ల మీద ఒక్కటి చరిచింది. ఏమైందోనని హడలిపోయాను.

"ఏటయ్యిందే?"

"తల్లి మాట కోసం అన్న అంత యాతన పడతంటే, ఆ తమ్ముడెదవ మళ్లీ పడవెక్కేత్తన్నాడండీ. బుద్ధుండొద్దా ఆడికి?" అంది. టీ తాగుతూ వాడి వంశం మొత్తాన్ని తిట్టింది. అది అన్న వంశం కూడానని భాయ్ గుర్తుచేస్తే, తాగుతున్న గ్లాసు కిందపెట్టింది.

"అన్నొక్కణ్ణీ ఒగ్గీసి మిగిలినోళ్లనే తిడతన్నానండీ," అంది.

ఆరోగ్యం జాగ్రత్త తల్లీ. కళ్లజోడు తుడుచుకుంటూ పని చేసుకో.

నీ
నానాజీ మామయ్య.